సున్నా ఇరవై ఎనిమిది

నలభై రెండు వెబ్‌సైట్లు పేచీ పెట్టకుండా కొత్త సర్వర్ మీదికి ఎక్కాయి. నలభై మూడోది మొరాయించింది.

రేణుక మొదట కంగారు పడలేదు. పెళ్ళివారి బస్సు ఎక్కేటప్పుడు ఆఖరి మనిషి ఎప్పుడూ ఆలస్యమే చేస్తాడు. మంగళవారం పొద్దున పదకొండు కావస్తోంది. ఆమె పనిచేసే ఆఫీసు వన్ టౌన్‌లో ఒక బట్టల గోడౌన్ మీద, రెండో అంతస్తులో. కింద తోపుడు బండ్లవాళ్ళు దారి కోసం అరుచుకుంటున్నారు. పైన నాలుగు కంప్యూటర్లు, ఒక ఏసీ, ఆ ఏసీ కింద యజమాని రామకోటేశ్వరరావు. చీరల షాపులకీ, జూనియర్ కాలేజీలకీ, కల్యాణ మండపాలకీ వెబ్‌సైట్లు తయారుచేసి, వాటిని అద్దె సర్వర్‌లో పెట్టి నడిపించడం ఆయన వ్యాపారం. ఆ సర్వర్ కంపెనీ నెల కిందట ఒక మెయిల్ పంపింది. ఈ సైట్లన్నీ ఆధారపడిన పీహెచ్‌పీ అనే భాష అయిదో వెర్షన్ ముసలిదైపోయిందట. ఆదివారం నుంచి దాన్ని ఆపేస్తారట. ఆలోగా అందరూ ఎనిమిదో వెర్షన్‌కి మారకపోతే తెల్లకాగితాలే మిగులుతాయట.

సైట్లన్నీ ఒకప్పుడు రాసింది రేణుకే కాబట్టి మార్చే పనీ ఆమె నెత్తినే పడింది. రామకోటేశ్వరరావు పెట్టిన షరతు ఒక్కటే: పాత సర్వర్‌లో పేజీ ఎలా వస్తుందో కొత్తదాంట్లోనూ అక్షరం తేడా లేకుండా అలాగే రావాలి. అందుకోసం ఆమె ఒక చిన్న ప్రోగ్రాం రాసుకుంది. అది రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి పోలుస్తుంది. తేడా లేకపోతే పచ్చగీత గీస్తుంది, ఉంటే ఎర్రగీత. ఇప్పటిదాకా నలభై రెండు పచ్చగీతలు.

నలభై మూడోది నేతవారిపాలెం చేనేత సహకార సంఘానిది. పేజీ తెల్లగా వచ్చింది. నూట పన్నెండో వరసలో అంకె చెల్లదు అని కొత్త వెర్షన్ ఫిర్యాదు రాసిపెట్టింది. రేణుక ఆ వరస తీసింది. తొమ్మిదేళ్ళ కిందట తన చేత్తో కొట్టిన అయిదు అంకెలు. 017, 028, 041, 053, 089. పక్కనే తను రాసుకున్న గుర్తు: వీళ్ళకు భర్త చేరిన తేదీ చూడాలి.

అది షెడ్ల జాబితా. ఆ ఊళ్ళో నేసేవి గుంట మగ్గాలు. నేలలో గుంట తవ్వి, కాళ్ళు అందులో పెట్టుకుని, గట్టున కూర్చుని నేస్తారు. వానాకాలం వచ్చిందంటే గుంటలో నీళ్ళూరతాయి, మగ్గం ఆగిపోతుంది. అందుకని సంఘం కాలవ గట్టు పక్కన మెరక చేయించి, దఫాకు పన్నెండు చొప్పున నలభై ఎనిమిది షెడ్లు కట్టించే పని పెట్టుకుంది. ఎవరు ముందు సంఘంలో చేరితే వాళ్ళకు ముందు. మనుషులు జాబితా వేస్తే పక్షపాతం అంటారని, కంప్యూటర్ ఏది ఇస్తే అదే అని తీర్మానం చేసుకున్నారు. ఇప్పటికి మూడు దఫాలు అయిపోయాయి. శనివారం నాలుగో దఫా జాబితా అంటిస్తారు. ఆ పన్నెండుతో షెడ్లు సరి.

సభ్యుడు చనిపోతే భార్య అదే నంబరు మీద మగ్గం నడుపుతుంది. ఆమెకు భర్త చేరిన తేదీయే లెక్క. ఆ సంఘం రిజిస్టర్లో ఒక ఆనవాయితీ ఉంది. భర్త పోయిన ఆవిడ నంబరు ముందు సున్నా చుడతారు. ఇరవై ఎనిమిది ఆయనది, సున్నా ఇరవై ఎనిమిది ఆవిడది.

రేణుక 028లో సున్నా తీసేసింది. వెంటనే 089 చెల్లదని మళ్ళీ ఫిర్యాదు. దానికీ సున్నా తీసేసింది. పేజీ వచ్చింది. పోల్చి చూసే ప్రోగ్రాం నడిపింది.

ఎర్రగీత వచ్చింది.

పాత జాబితాలో ఇరవై ఏడో స్థానంలో ఉన్న చౌడేశ్వరమ్మ అనే ఆవిడ, కొత్త జాబితాలో ఒకటో స్థానంలో ఉంది. కొత్త సర్వర్ ఏదో తప్పు చేసిందనుకుని రేణుక మళ్ళీ నడిపింది. మళ్ళీ ఒకటే. ఆవిడ భర్త చేరిన తేదీ తీసి చూసింది. మిగిలిన వాళ్ళందరికంటే అదే ముందు. అంటే కొత్తదే ఒప్పు. మరి పాతది?

అప్పుడు అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండునని ఆమెకు అనిపించిన మొదటి క్షణం అది.

ఆ భాషలో అంకె ముందు సున్నా పెడితే, దాన్ని మామూలు అంకెగా చదవదు, ఎనిమిదుల లెక్కలో చదువుతుంది. బొటనవేళ్ళు రెండూ మడిచి మిగిలిన ఎనిమిది వేళ్ళతో లెక్కపెట్టేవాడి లెక్క అది. వాడి దగ్గర ఎనిమిదీ తొమ్మిదీ అనే అంకెలే ఉండవు. కొత్త వెర్షన్ ముక్కుసూటిది కాబట్టి, ఇది చెల్లదని పని ఆపేసింది. పాతది మొహమాటస్తురాలు. ఎనిమిదిని చూసీ చూడనట్టు వదిలేసి, ముందున్న సున్నా రెండును మాత్రం తీసుకుని, రెండు అనుకుని ముందుకు పోయింది. రెండో నంబరు ఆయనకు చచ్చిపోయిన భర్త ఎక్కడుంటాడు? అతని తేదీ అతనికే ఉంది. ఇరవై ఎనిమిదో నంబరావిడ తేదీ మాత్రం, ఆవిడ మగ్గం మీదికి వచ్చిన రోజు నుంచి మొదలైంది. 089లో అయితే ఎనిమిదీ తొమ్మిదీ రెండూ పోయి ఉత్త సున్నాయే మిగిలింది.

సరే, ఈ రెండూ దొరికాయి. మరి ఎనిమిదీ తొమ్మిదీ లేని 017? దాని మీద కొత్త వెర్షన్ కూడా నోరెత్తలేదు. రేణుక చిత్తుకాగితం తీసుకుంది. ఒక ఎనిమిదీ ఏడూ, పదిహేను. 041 అంటే నాలుగు ఎనిమిదులు ముప్పై రెండు, ఒకటి కలిపితే ముప్పై మూడు. 053 అంటే నలభై మూడు. అయిదుగురిలో ఒక్కరు కూడా తమ నంబరులో లేరు. ఆ అయిదు నంబర్లూ ఎవరివో వెతికింది.

సంఘం పేజీలోనే సభ్యుల పేర్లున్నాయి. 053, 089 పేర్ల పక్కన రెండేళ్ళ కిందటే 'లేరు' అని రాసి ఉంది.

ఆ అంకెలు ఫోనులో చదివి చెప్పిన మనిషి ఆమెకు గుర్తున్నాడు. సంఘం గుమాస్తా, పేరు సత్యం. ఒక్కొక్క నంబరూ రెండుసార్లు చెప్పాడు. సున్నా అవసరమా అండీ అని ఆమే అడిగింది. "ఉండాలమ్మా," అన్నాడతను. "సున్నా తీసేస్తే అది పోయినాయన నంబరు. సున్నా ఉంటేనే ఈవిడది." మంచి మర్యాద అనుకుని సున్నాలతో సహా కొట్టింది. అది మొదటి ఫోను. రెండో ఫోను కూడా ఉంది. మొదటి జాబితా వచ్చిన వారానికి అతనే చేశాడు. ఆడవాళ్ళ పేర్లు కిందికి పోయినయ్యండీ, ఒక్కసారి చూడండి అన్నాడు. ఆ రోజు ఆమెకు చేతినిండా పని. సిస్టమ్ తప్పు చెయ్యదండీ, మీరిచ్చిన తేదీలు చూసుకోండి అని పెట్టేసింది.

ఒక్కసారి చూడండి అంటే ఒక్కసారైనా చూడలేదు.

*

బుధవారం ఆమె సంఘం అధ్యక్షుడు హరిబాబుకు ఫోన్ చేసింది. సైటు మారుస్తున్నాం, గుమాస్తా సత్యంగారితో ఒక మాట మాట్లాడాలి అని చెప్పింది. గొంతు మామూలుగానే ఉండాలని రెండుసార్లు దగ్గి మరీ మొదలుపెట్టింది.

హరిబాబు నవ్వాడు. ఆ సత్యం గుమాస్తా పని ఊడి ఎనిమిదేళ్ళయిందట. షెడ్ల జాబితాలో మొగుళ్ళు పోయిన ఆడవాళ్ళ తేదీలు తారుమారు చేసి, అయినవాళ్ళను పైకి తెచ్చుకున్నాడట. తేదీలన్నీ సరిగానే ఇచ్చానని కాళ్ళావేళ్ళా పడ్డాడు గానీ, కంప్యూటర్ కంపెనీ వాళ్ళే తేదీలు తప్పన్నాక ఇంకేముంది? ఆ ఆడవాళ్ళు అతని గుమ్మం ముందు దుమ్మెత్తి పోశారు. ఇప్పుడు ఇంట్లోనే మగ్గం నేసుకుంటున్నాడు. "చేసుకున్నోడికి చేసుకున్నంత మేడమ్," అన్నాడు హరిబాబు. "అంతా కంప్యూటర్లో ఉండబట్టి దొరికాడు గానీ, లేకపోతే దొరికేవాడా?"

ఫోన్ పెట్టేశాక రేణుక బాత్రూంలోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకుంది. ఏడుపు రాలేదు, భయమే వేసింది. నలభై రెండేళ్ళ మనిషికి చిన్నప్పుడు లెక్కల టీచరు నోటుబుక్కు అడిగితే వేసే భయం వేసింది. అప్పుడు మహా అయితే బెత్తం దెబ్బ. ఇప్పుడు ఇద్దరు చచ్చిపోయారు, ఒకడి పరువు పోయింది, ముగ్గురు ఆడవాళ్ళు ఇంకా నీళ్ళలో ఉన్నారు. కేసు పెడతారా? ఊళ్ళోవాళ్ళు ఆఫీసు మీదికి వస్తారా? తన పేరు పేపర్లో వస్తుందా? ఒకటి ఆలోచిస్తే పది పుడుతున్నాయి.

మొహం కడుక్కుని వచ్చి రామకోటేశ్వరరావుకు అంతా చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. ఆమె పిల్ల ఆపరేషనప్పుడు అడక్కుండానే నెల సెలవిచ్చాడు. విన్నంతసేపూ పేపరు వెయిటును అటూ ఇటూ తిప్పాడు, చెప్పడం అయిపోయాక లేచి తలుపు దగ్గరగా వేశాడు. అప్పుడు ఆమెకు తెలిసింది, ఆయనకూ భయం వేసిందని. ఇది బయటికొస్తే మిగతా నలభై రెండు మందీ మా సైట్లో ఏముందో అని తిరగబడతారని, వ్యాపారం మూసుకోవలసిందేనని, ఈ సంఘం వాళ్ళ ఒప్పందం ఎలాగూ మార్చికి అయిపోతుందని మెల్లగా చెప్పుకొచ్చాడు. పాతది ఎలా వస్తోందో అలాగే రానివ్వమన్నాడు.

"పాత తప్పు పాత వెర్షన్‌తోనే పోనీయమ్మా," అన్నాడు చివరికి. "మనం కొత్తగా తప్పేం చెయ్యట్లేదుగా."

రేణుక తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది. నూట పన్నెండో వరసలో ఉన్న అంకెలు తీసేసి, పాత వెర్షన్ ఇన్నాళ్ళూ చదువుకున్న అంకెలనే వరసగా కొట్టింది. 15, 2, 33, 43, 0. పోల్చి చూసే ప్రోగ్రాం నడిపితే పచ్చగీత వచ్చింది.

తొమ్మిదేళ్ళ కిందట చేసింది తెలియక చేసిన తప్పు. ఇది తెలిసి చేసింది. ఆ పచ్చగీతను ఎక్కువసేపు చూడలేక స్క్రీన్ ఆపేసింది.

గురువారమంతా కల్యాణ మండపం వాళ్ళ ఫోటోలు సర్దుతూ గడిపింది. ఎవరు మెట్లెక్కి వస్తున్నా నేతవారిపాలెం నుంచేమో అని తల తిప్పి చూసింది. మధ్యాహ్నం డబ్బా విప్పి, రెండు ముద్దలు తిని మూసేసింది. సాయంత్రం అందరూ వెళ్ళిపోతుంటే ఆమె ఒక కాపీలో అయిదు అంకెలనూ సరిచేసి, కొత్త జాబితా కాగితం మీద అచ్చు తీసింది. పాతదీ తీసింది. రెండూ బల్ల మీద పెట్టుకుని వేలితో చదివింది. సరైన జాబితాలో చౌడేశ్వరమ్మతో కలిపి ముగ్గురు ఆడవాళ్ళు పైకి వచ్చారు. ముగ్గురు పైకొస్తే పన్నెండులోంచి ముగ్గురు కిందికి దిగాలి. పాతదాంట్లో పదో పేరు, పదకొండో పేరు ఆమెకు తెలియనివాళ్ళవి.

పన్నెండో పేరు, అరవై ఒకటో నంబరు, సత్యం.

రేణుక కాగితం మడిచింది, మళ్ళీ విప్పింది. ఆ పేరు అక్కడే ఉంది. తన తప్పు వల్ల గుమాస్తా పని పోగొట్టుకున్న మనిషికి, అదే తప్పు వల్ల ఇప్పుడు షెడ్డు రాబోతోంది. తప్పు దిద్దితే పరువు వస్తుంది, షెడ్డు పోతుంది. నోరు మూసుకుంటే అతనికే మేలు అని ఒక్క నిమిషం అనుకుంది. ఆ ఆలోచన ఎంత హాయిగా అనిపించిందంటే, ఆ హాయిని చూసే ఆమెకు మళ్ళీ భయం వేసింది.

*

శుక్రవారం ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి బందరు బస్సెక్కింది. పామర్రులో దిగి ఆటో ఎక్కేసరికి వాన మొదలైంది. పొలాలు నిండి రోడ్డు అంచుల దాకా నీళ్ళు. ఒడిలో సంచి, సంచిలో లాప్‌టాప్, రెండు కాగితాలు. అవి తడవకుండా చున్నీ కప్పింది గానీ తను మాత్రం తడిసింది.

నేతవారిపాలెంలో ఆటో దిగి, మొదటి ఇంటి ముందు ఆగి సత్యంగారి ఇల్లెక్కడని అడిగింది. లోపల ఒక పెద్దావిడ మగ్గం గుంటలోంచి సిల్వర్ గిన్నెతో నీళ్ళు తోడి బకెట్‌లో పోస్తోంది. పడుగు దారాలు తడవకుండా దాని మీద ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంది. కాళ్ళు మోకాళ్ళ దాకా నానిపోయి తెల్లగా ఉన్నాయి. సత్యం పేరు వినగానే ఆవిడ చెయ్యి ఆగింది.

"ఆ పేరు నా నోటితో పలకను," అంది. గడ్డంతో వీధి చివర ఇల్లు చూపించింది. తడిసిపోతున్నావు కూర్చోమ్మా, మళ్ళీ అదే గొంతుతో అంది. గుమ్మం పక్కన సుద్దతో రాసిన నంబరు రేణుక చూసింది. 028. ఆవిడ పక్కకు జరిపిన పీట మీద కూర్చోవడానికి ధైర్యం చాలక, వెళ్ళాలండీ అని గొణిగి వానలోకే నడిచింది. వీధి చివరి దాకా వీపు మీద ఎవరో చూస్తున్నట్టే ఉంది. చౌడేశ్వరమ్మ అటువైపు చూడను కూడా చూడలేదు, మళ్ళీ నీళ్ళు తోడుకుంటోంది.

సత్యం ఇంట్లోనూ గుంట నిండింది. యాభై అయిదేళ్ళుంటాయేమో, బక్కపలచని మనిషి, కళ్ళజోడుకు ఒక పక్క దారం కట్టి ఉంది. మగ్గం ఆగిపోయింది కాబట్టి గట్టున కూర్చుని తెగిన పోగులు అతుకుతున్నాడు. అతని భార్య మణెమ్మ వసారాలో రాట్నం ముందు కండెలు చుడుతోంది. రేణుక తన పేరు, ఆఫీసు పేరు చెప్పింది. అతను వెంటనే లేచి నిలబడ్డాడు. కంపెనీ మనిషి ఎనిమిదేళ్ళ తర్వాత ఇంటికొచ్చిందంటే ఇంకే ముప్పు ముంచుకొచ్చిందో అని అతని మొహం చెప్పింది. భయపడుతూ వచ్చిన తనను చూసి ఇంకో మనిషి భయపడటం ఆమెకు భరించరానిదిగా తోచింది.

"తేదీలు మీరు సరిగానే ఇచ్చారండీ," అంది. పొద్దున ఏడింటి నుంచి బస్సులో వల్లించుకున్న మాటలేవీ రాలేదు, ఇదొక్కటే వచ్చింది. "తప్పు నాది."

తర్వాత సున్నా సంగతి చెప్పింది. ఎనిమిది వేళ్ళ లెక్క చెప్పింది. అతను మధ్యలో అడ్డు రాలేదు. రాట్నం చప్పుడు ఎప్పుడు ఆగిందో ఆమె గమనించలేదు. అంతా అయ్యాక సత్యం కళ్ళజోడు తీసి లుంగీతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"అంటే సున్నా పెట్టమన్నది నేనేగా," అన్నాడు.

"పెట్టమన్నది మీరే. అది ఎలా పెట్టాలో తెలియాల్సింది నాకు."

ఎనిమిదేళ్ళుగా తను తేదీలు ఎక్కడ తప్పు రాశానా అని రిజిస్టరు మొత్తం మనసులో తిరగేసుకుంటూనే ఉన్నానని, నిద్రలో కూడా తేదీలు వచ్చేవని అతను నెమ్మదిగా చెప్పాడు. ఒక దశలో తనే కావాలని చేశానేమోనని కూడా అనుమానం వచ్చిందట. అందరూ అంత గట్టిగా అంటుంటే నేనొక్కణ్ణే కాదనుకోవడం కష్టమమ్మా అన్నాడు. రేణుక తల దించుకుని గుంటలో నీళ్ళను చూస్తూ విన్నది.

ఆమె ఇక రెండో మాట చెప్పాలి. అది చెప్పలేక రెండు కాగితాలూ అతని చేతికిచ్చింది. అతను గుమాస్తాగా పనిచేసిన మనిషి, వేలు పెట్టి పై నుంచి కిందికి చదివాడు. పాతదాంట్లో పన్నెండు దగ్గర వేలు ఆగింది. కొత్తదాంట్లో పన్నెండు దాటి పదిహేను దగ్గర ఆగింది. మణెమ్మ లేచి వచ్చి భుజం మీదుగా చూసింది. ఆవిడకు చదువు రాదు గానీ మొగుడి వేలు ఎక్కడెక్కడ ఆగిందో చూసింది.

"మనది పోయిందా?" అంది మణెమ్మ. అతను తలూపాడు. ఆవిడ రేణుక వైపు తిరిగింది. "పేరు తీసుకుపోయింది మీరే, ఇప్పుడు షెడ్డూ తీసుకుపోతారా? రేపొక్క రోజు ఆగి రాలేకపోయారా అమ్మా?"

రేపటి తర్వాత రావచ్చునన్న ఆలోచన తనకూ వచ్చిందని రేణుక చెప్పుకోలేకపోయింది. సత్యం తెగిన పోగు ఒకటి తీసుకుని, రెండు కొసలూ కలిపి, వేళ్ళ మధ్య నులిమి అతికాడు. ఇంకొకటి తీసుకున్నాడు. నాలుగు పోగులయ్యాక అడిగాడు, రేపు జాబితా అంటించే ముందు మీరొచ్చి సంఘంలో ఈ మాట చెప్తారా అని. చెప్తానంది.

"మీరు చెప్పినా నమ్మరు," అన్నాడు సత్యం. భయపెట్టడానికి కాదు, వాన వస్తుంది అన్నట్టు అన్నాడు. ఆ సాయంత్రం ఆమెను తిరుగు బస్సుకు పంపలేదు. మణెమ్మ మాట్లాడకుండానే అన్నం పెట్టింది, మాట్లాడకుండానే చాప పరిచింది.

*

శనివారం పదింటికి సంఘం వరండాలో నలభై మంది దాకా ఉన్నారు. గొడుగులన్నీ మెట్ల మీద నీళ్ళు కారుతున్నాయి. హరిబాబు ముందు రోజే తీసి ఉంచిన జాబితా చేతిలో పట్టుకున్నాడు. బల్ల మీద చిన్న గిన్నెలో మైదా జిగురు.

రేణుక నిలబడింది. చున్నీ కొస వేలికి చుట్టుకుని, విప్పుకుని, ఆఖరికి చెప్పింది. ఈ జాబితా తప్పు, ఇంతకుముందు మూడూ తప్పే, తప్పు చేసింది సత్యంగారు కాదు నేను అని. సున్నా లెక్క చెప్తుంటే ఎవరి మొహంలోనూ ఏమీ కనపడలేదు. లాప్‌టాప్ తెరిచి వాళ్ళ ముందే నూట పన్నెండో వరస దిద్దింది. యజమానిని అడగలేదు. సోమవారం తన కుర్చీ తనకు ఉంటుందో లేదో ఆమెకు తెలియదు. సంఘం ఆఫీసు ప్రింటర్‌లోంచి కొత్త జాబితా వచ్చింది.

హరిబాబు దాన్ని చూసి రేణుకను చూశాడు. బుధవారం ఫోన్‌లో ఈ ముక్క ఎందుకు చెప్పలేదన్నాడు. నిన్న రాత్రి ఈమె సత్యం ఇంట్లోనే పడుకుందని గుంపులోంచి ఎవరో అన్నారు. దాంతో గుసగుస లేచింది. తొమ్మిదేళ్ళు తప్పు చెయ్యని కంప్యూటర్ ఇవాళే తప్పు చేసిందా? "సత్యం ఎంతిచ్చాడమ్మా మీకు?" అని ఒక గొంతు సూటిగానే అడిగింది. కేసు, పోలీసు, పేపరు, వీటన్నిటికీ రేణుక భయపడింది గానీ, నిజం చెప్తే నమ్మరని మాత్రం ఆమె నిన్నటిదాకా ఊహించలేదు. చేతులు కూడా ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వెనక స్తంభం దగ్గర నుంచి సత్యం ముందుకొచ్చాడు. దారి ఇవ్వడానికి జనం జరగలేదు, అతనే పక్కపక్కగా వచ్చాడు.

"హరిబాబూ, పాత లిస్టులో పన్నెండో పేరు ఎవరిదో చదువు," అన్నాడు.

హరిబాబు చదివాడు. "అరవై ఒకటి. సత్యం."

"కొత్తదాంట్లో నా పేరు ఎక్కడుందో చదువు."

హరిబాబు వేలు పై నుంచి కిందికి వచ్చింది. పన్నెండు దగ్గర ఆగింది, ఇంకా కిందికి పోయింది. అతను పైకి చదవలేదు. చదవక్కర్లేకపోయింది.

"నా పేరు కొట్టేయమని నేనే డబ్బులిస్తానా?" అన్నాడు సత్యం.

గుసగుస ఆగిపోయింది. సత్యం హరిబాబు చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. ఎనిమిదేళ్ళ కిందట చదివినట్టే, గుమాస్తా గొంతుతో, ఒక్కొక్క నంబరూ రెండేసిసార్లు చదవడం మొదలుపెట్టాడు. సున్నా ఇరవై ఎనిమిది, చౌడేశ్వరమ్మ. సున్నా ఇరవై ఎనిమిది. సున్నా పదిహేడు. సున్నా నలభై ఒకటి. పన్నెండు పేర్లూ అయ్యాక తనే జిగురు పూసి బోర్డు మీద అంటించి, మూలలు అరచేత్తో వత్తాడు.

జనం పల్చబడ్డారు. బోర్డు ముందు చౌడేశ్వరమ్మ నిలబడి ఉంది. చదవడం రాకపోయినా ఆవిడ చాలాసేపు ఆ కాగితాన్నే చూసింది. ఒకటో వరస మీద వేలు పెట్టి, అది తనదేనా అని రేణుకను అడిగింది. మీదేనండీ అంది రేణుక. తిడుతుందనుకుంది. కొడుతుందని కూడా అనుకుంది. చౌడేశ్వరమ్మ తల తిప్పి, చేతికంటిన జిగురు తువ్వాలుకు తుడుచుకుంటున్న మనిషి వైపు చూసింది.

"నీ పేరేదిరా సత్యం?" అంది. ఎనిమిదేళ్ళలో ఆవిడ అతనితో అన్న మొదటి మాట అది.

"పదిహేనోది అత్తా. పన్నెండే షెడ్లు."

"మరి ఎందుకు చెప్పావురా? చెప్పకపోతే ఎవరికి తెలిసేది?"

సత్యం తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"అప్పుడు కూడా చెప్పాను కదత్తా, నేను చెయ్యలేదని," అన్నాడు. "అప్పుడు ఆ మాట చెప్తే నాకు పోయేదేం లేదు. అందుకని మీరెవరూ నమ్మలేదు."

చౌడేశ్వరమ్మ బోర్డు మీది వేలు తీసేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సత్యం మెట్లు దిగి, ఇంట్లో నీళ్ళు తోడాలని, తడుస్తూ వెళ్ళిపోయాడు.